ఇరవై నిమిషాల ఐసు

పొద్దున లేవగానే ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళే ఇల్లాళ్ళుంటారు, ముందు అద్దం దగ్గరికి వెళ్ళే ఇల్లాళ్ళుంటారు. ఆమె మాత్రం పద్నాలుగేళ్ళపాటు ముందు ఫ్రిజ్ దగ్గరికే వెళ్ళింది. పైఅరలో పదకొండు ఐసు ట్రేలుండేవి. ఒక్కోటీ తీసి రెండు చేతులా పట్టుకుని మెలిపెడితే గడ్డలు టకటకా ఊడేవి. వాటిని సంచిలోకి దులిపి, సంచి లోపల పెట్టేసి, ట్రేలన్నీ కుళాయి కింద నింపి, చుక్క ఒలక్కుండా మళ్ళీ పేర్చేది. అదయ్యాకే టీ. టీ అయ్యాకే ఎవరితోనైనా మాట.

ఇప్పుడూ నింపుతోంది. భర్త పోయి రెండు నెలలు దాటినా రోజూ పదకొండూ నింపుతోంది. కాకపోతే సాయంత్రం ఆ సంచి తీసుకెళ్ళి సింకులో కుమ్మరించి, అదంతా కరిగి నీళ్ళయి పోయేదాకా అక్కడే నిలబడుతోంది.

కూతురు కొన్నాళ్ళు చూసీ చూడనట్టు తిరిగింది. పన్నెండేళ్ళ పిల్ల. తరగతిలో అందరికంటే పొడుగు, అయినా ఇంట్లో దాని పేరు పొట్టి. తలుపుల కింద వంగి నడిచే తండ్రికి లోకమంతా పొట్టిగానే కనబడేది మరి. ఒకరోజు ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఎవరికమ్మా ఆ ఐసు?"

"ఫ్రిజ్ ఖాళీగా ఉంచితే పాడవుతుందంట."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నార్లే. వెళ్ళి చదువుకో."

ఆమెకి అబద్ధాలు అతకవు. చిన్నప్పటినుంచీ అంతే, నోట్లో మాట ఉండగానే మొహం చెప్పేసేది. ఒక్కసారి మాత్రం తడుముకోకుండా, ఎదుటివాళ్ళు నమ్మేలా ఆడింది. ఆస్పత్రిలో, తెల్లకోటు వేసుకున్న డాక్టరు ముందు. ఆ అబద్ధం ఇప్పుడు ముద్ద దిగనివ్వడం లేదు. ఎవరికైనా చెప్పాలి. చెబితే కూతురికి తెలుస్తుంది. తెలిస్తే ఆ పిల్ల తన మొహం చూస్తుందో లేదో.

ఆయన బాస్కెట్‌బాల్ ఆటగాడు. సరదాకి ఆడడం కాదు, అదే ఉద్యోగం. సంబంధం మాట్లాడడానికి వచ్చినప్పుడు, తాళాలు బాగుచేసి బతికే ఆమె తండ్రి మెడ వెనక్కి వాల్చి ఆయన్ని పైదాకా చూసి అడిగాడు.

"ఏం చేస్తుంటావు బాబూ?"

"బాస్కెట్‌బాల్ ఆడతానండీ."

"ఆడుకో, వయసులో ఉన్నావు. మరి పని?"

"అదే పనండీ."

"అంటే, బంతి ఆ బుట్టలో వేస్తే జీతమిస్తారా?"

"నేను వెయ్యనండీ. వేసేవాళ్ళు వేరే ఉన్నారు."

ఆమె తండ్రి కాసేపు బుర్ర గోక్కుని, లోపలికెళ్ళి పెళ్ళాంతో అన్నాడట: "పనేంటో నాకర్థం కాలేదు గానీ, గొప్పలు చెప్పుకునే రకం కాదే. ఇచ్చేద్దాం."

పెళ్ళయిన నెలకి మొదటిసారి ఆట చూడ్డానికి వెళ్ళింది. హాలంతా గోల. బంతి అటూ ఇటూ పరిగెడుతోంది, జనం దాని వెంట తలలు తిప్పుతున్నారు. ఆయన పన్నెండు నిమిషాలు ఆడాడు. బంతి రింగులో వేసింది లేదు. అసలు ఆయన చేతికి బంతి వచ్చిందే మూడుసార్లు. వచ్చినదాన్ని కూడా నిప్పు ముట్టుకున్నట్టు పక్కవాడికిచ్చేశాడు. ఈలోగా నాలుగుసార్లు వెల్లకిలా పడ్డాడు. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చాక గొంతు తగ్గించి అడిగింది.

"మీ చేతికి బంతి ఇవ్వరేం? మీరంటే గిట్టదా వాళ్ళకి?"

ఆయన పగలబడి నవ్వి, ఆమెను వంటింట్లోకి తీసుకెళ్ళి గట్టుమీద ఉప్పు డబ్బా పెట్టాడు. "ఇది మా కెప్టెన్. బంతి వేసేవాడు." పక్కన స్టీలు గ్లాసు పెట్టాడు. "ఇది వాణ్ణి వెయ్యనివ్వకుండా వెంటపడే అవతలివాడు. ఇప్పుడు చూడు." గ్లాసు దారిలో రొట్టెల పీట నిలువునా నిలబెట్టాడు. గ్లాసు వచ్చి పీటకి కొట్టుకుని ఆగింది. ఉప్పు డబ్బా తీరిగ్గా అటునుంచి వెళ్ళిపోయింది.

"ఆ పీట నేను."

"అంటే గుద్దించుకోవడమే మీ పని?"

"కదలకుండా గుద్దించుకోవాలి. కదిలితే నాది తప్పు. కదలకపోతే వాడిది తప్పు. అంతా అందులోనే ఉంది."

"దీనికి జీతమా?"

"మీ నాన్నకి చెప్పకు."

జట్టులో ఆయన్ని గోడ అనేవారు. గోడొచ్చాడా, గోడ లేడా, గోడని దింపండి. జీవితమంతా ఆ ఒక్క పనే చేశాడు, ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. ఎదుటి జట్టులో అందరికంటే గట్టివాణ్ణి ఎవర్ని పట్టుకోవాలన్నా ఆయన్నే దింపేవారు. వాడి మోచేతి పోట్లు తినాలి, వాడికంటే ముందు పరిగెత్తాలి, రింగుకి తగిలి బయటపడ్డ బంతికోసం పదిమంది మధ్యలోకి దూకాలి. చివర్లో వాడు అలిసిపోయి తప్పులు చేస్తే ఆ పేరు ఇంకెవరికో పోయేది. ఇంటికొచ్చి సోఫాలో కూలబడి "ఇవాళ వాడికి ఊపిరాడనివ్వలేదు" అనేవాడు. అంతే, అదే ఆయన సంబరం.

పెళ్ళయిన రెండో ఏడు మోకాలు నేలకి కొట్టుకుని తాటికాయంత అయింది. అప్పుడు జట్టుకి మాలీషు చేసే ఆయన ఇంటికొచ్చాడు. ఆటగాళ్ళంతా ఆయన్ని బాబాయ్ అనేవారు, ఆమె కూడా అలాగే అలవాటు పడింది. ఆయనే ఆమెకి నేర్పాడు: ఐసు గడ్డలు సంచిలో వెయ్యి, పల్చటి తువ్వాలు చుట్టు, నొప్పి ఉన్నచోట అదిమి పెట్టు. "ఇరవై నిమిషాలు. పంతొమ్మిది కాదు, ఇరవై ఒకటి కాదు. మధ్యలో తీశావో మళ్ళీ మొదటికొస్తుంది." ఆమె బజారుకెళ్ళి, తిప్పి పెడితే గంట కొట్టే చిన్న గడియారం కొనుక్కొచ్చింది. ఎర్రది, కోడిపెట్ట బొమ్మది. భర్త దానికి రిఫరీ అని పేరుపెట్టాడు. రిఫరీ గంట కొట్టేదాకా సంచి తియ్యకూడదు, లేవకూడదు, ఫోనొచ్చినా పలకకూడదు.

ఆట చూడడంలో ఆమె పద్ధతి వేరు. అందరూ బంతిని చూస్తే ఆమె ఆయన్ని చూసేది. ఎవరు గెలిచారో చాలాసార్లు ఆమెకి తెలిసేదే కాదు, పక్కవాళ్ళ మొహాలు చూసి తెలుసుకునేది. ఆయన ఎన్నిసార్లు పడ్డాడో, ఏ పక్కకి పడ్డాడో మాత్రం వేళ్ళమీద చెప్పేది. ఎడమ తుంటి ఒకటి, మోచెయ్యి రెండు, వీపు ఒకటి. ఇంటికొచ్చేసరికి అన్ని సంచులు సిద్ధంగా ఉండేవి. "నువ్వు నా వెనకే ఆడుతున్నావే" అనేవాడు.

ఏడాదికో, రెండేళ్ళకో జట్టు మారేది. గోడలాంటి మనిషి అందరికీ కావాలి, కానీ ఎక్కువకాలం ఎవరికీ అక్కర్లేదు. కాలికి బలపం కట్టుకున్నట్టు ఐదు జట్లు, ఏడు అద్దె ఇళ్ళు తిరిగారు. ఆమె ఇల్లు చూడ్డానికి వెళితే ముందు ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలో చూసేది, తర్వాతే కిటికీలు. ఒక ఇంటావిడ నెలరోజులు కనిపెట్టి చూసి, పక్కకి పిలిచి మెల్లిగా అడిగింది: "ఏం అనుకోకమ్మా, మీరు ఐసు అమ్ముతారా?" ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా ఆయన ఆవిడ కనబడినప్పుడల్లా "ఇవాళ బేరం బాగుందండీ" అనేవాడు.

తిరిగి తిరిగి తన ముప్ఫై మూడో ఏట మొదటి జట్టుకే వచ్చాడు. ఆ ఏడే జట్టు పెద్ద కప్పు గెలిచింది. ఆఖరి క్షణంలో కెప్టెన్ గాల్లోకి లేచి బంతి వేసిన ఫోటో పేపర్లో మొదటి పేజీలో పడింది. ఫోటో ఎడమ అంచున, సగం తెగిపోయి, ఎవరిదో ఒక మోచెయ్యి ఉంది. దానిమీద అడ్డంగా చిన్న మచ్చ. ఆ మచ్చకి ఎన్నిసార్లు ఐసు పెట్టిందో ఆమెకి తెలుసు. కత్తెర తెచ్చి, కెప్టెన్ని వదిలేసి, ఆ మోచేతిమేరకే కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

"మొత్తం ఫోటో ఉంచొచ్చుగా, పిచ్చిదానా" అన్నాడు ఆయన.

"ఆ అబ్బాయిని వాళ్ళావిడ అంటించుకుంటుంది."

ఆ రోజు ఆయన ఆ ముక్కని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. నీళ్ళు తాగడానికని రెండుసార్లు ఫ్రిజ్ తీశాడు, రెండుసార్లూ తాగకుండానే మూశాడు.

ముప్ఫై అయిదు దాటాక కోర్టులో ఉండేది తగ్గింది, బెంచీమీద కూర్చునేది పెరిగింది. ముప్ఫై ఏడో ఏట కోచ్ పిలిచి, ఈ ఏడాది ఆటలకి దింపలేననీ, కానీ రోజూ ప్రాక్టీసుకి వచ్చి కొత్తగా చేరినవాళ్ళకి గుద్దుళ్ళు అలవాటు చెయ్యమనీ అన్నాడు. ఆమెకి తల తీసేసినట్టయింది. ఆయన మాత్రం బూట్ల తాళ్ళు మారుస్తూ హుషారుగా ఉన్నాడు.

"ఇక చాలండీ. మీ ఒళ్ళు మీరు చూసుకోరా?"

"చూసుకోవడానికి నువ్వున్నావుగా. ఈ ఒక్క ఏడూ కానీ."

ఆమె సరేనంది. నిజం చెప్పాలంటే, ఆయన ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఎలా ఉంటాడో ఆమెకి ఊహకే అందలేదు.

ఆ ఏడే ఒకరోజు ప్రాక్టీసు నుంచి పెందలాడే వచ్చాడు. ఎడమ భుజం పట్టుకుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ళ కొత్తవాడొకడు నిన్న మోచేత్తో పొడిచాడట, ఇవాళ అది గుంజుతోందట, దవడదాకా లాగుతోందట. ఆ ఇంట్లో ఏ నొప్పికైనా మందు ఒకటే. తలనొప్పికి అదే, పంటినొప్పికి అదే, పొట్టికి ఇస్త్రీపెట్టె తగిలినా అదే. ఫ్రిజ్ తీసి, సంచి నింపి, తువ్వాలు చుట్టి భుజంమీద అదిమింది. కోడిపెట్టని ఇరవైకి తిప్పింది. పక్కనే కూర్చుని బీన్స్ తుంచడం మొదలుపెట్టింది.

"పొట్టిదానికి బూట్లు బిగుతవుతున్నాయి, చూశావా?" అన్నాడు.

"మొన్నేగా కొన్నాం."

"నా కూతురు. కాళ్ళు ముందు పెరుగుతాయి."

కాసేపటికి ఆయన నుదుటిమీద చెమట చూసింది. మెడమీద కూడా ఉంది.

"ఐసు పెట్టినా చెమటేంటండీ?"

"వేడి దిగుతోందిలే."

"డాక్టరు దగ్గరికి వెళదామా పోనీ?"

"రిఫరీ గంట కొట్టనీ."

గడియారం చూసింది. ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. చెమట తుడిచింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అలిసిపోయి నిద్ర పట్టిందనుకుంది. పొయ్యిమీద గిన్నె మూత చప్పుడవుతుంటే వెళ్ళి మెల్లిగా తీసి పక్కన పెట్టింది, నిద్ర చెడుతుందని. వేళ్ళతో తుంచితే వినబడే బీన్స్ చప్పుడు కూడా ఎక్కువనిపించి ఆపేసింది. అలా ఆయన్ని చూస్తూ కూర్చుంది.

గంట కొట్టింది. ఆయన లేవలేదు.

పక్కింటి వ్యాను డ్రైవరు, ఆమె, ఇంకో ఇద్దరు కలిసి ఆయన్ని మెట్లు దింపారు. ఆస్పత్రికి చేరేసరికి ఇంకా ఊపిరుంది. డాక్టరు పరిగెత్తుకొచ్చి అడిగాడు: "నొప్పి మొదలై ఎంతసేపైంది?"

"ఇప్పుడే" అంది ఆమె. "మొదలవగానే తీసుకొచ్చేశాం."

ఎందుకలా అందో ఆమెకి ఇప్పటికీ తెలీదు. నోరు దానంతటది అనేసింది. గంట తర్వాత డాక్టరు బయటికొచ్చి గుండెపోటు అన్నాడు. మీరు చెయ్యగలిగిందంతా చేశారమ్మా, వెంటనే తెచ్చారు, అన్నాడు.

ఆ మాట మర్నాటికల్లా అందరి నోటా పడింది. వెంటనే తీసుకెళ్ళిందట. అరచేతుల్లో పెట్టుకుని చూసుకుందట. కెప్టెన్ వచ్చి పొట్టిని పట్టుకుని ఏడుస్తూ, నేను వేసిన బంతుల్లో సగం మీ నాన్నవేనమ్మా అన్నాడు. ఆమె దగ్గరికొచ్చి, మీలాంటి భార్య ఉండబట్టే అన్నేళ్ళు ఆడగలిగాడు అన్నాడు. ఒక్కొక్కరు ఒక్కో మంచిమాట అంటుంటే ఆమెకి ఒక్కోటీ చెంపదెబ్బలా తగిలింది.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బాబాయ్ వచ్చాడు. చేతిలో అట్టపెట్టె ఉంది.

"లాకరు ఖాళీ చెయ్యమన్నారమ్మాయ్. వేరేవాళ్ళ చేత పంపడం మనసొప్పలేదు."

పెట్టెలో బూట్లు, మోకాలి తొడుగులు, సగం వాడిన టేపు చుట్ట, దువ్వెన. భర్త కుర్చీ ఇంకా అక్కడే ఉంది. పొడుగు కాళ్ళకి సరిపోవాలని నాలుగు చెక్కముక్కల మీద ఎత్తుపెట్టిన కుర్చీ. బాబాయ్ దానివైపు చూసి, అందులో కూర్చోకుండా గోడ పక్కనున్న పీటమీద కూర్చున్నాడు. ఆమె టీ ఇచ్చింది. ముసలాయన బాగా చిక్కిపోయాడు.

"నువ్వు చూసినట్టు మగణ్ణి చూసుకున్నవాళ్ళని నేనింతవరకూ..."

"అనకండి బాబాయ్. మీరు కూడా అనకండి."

ఆమె నిలబడే చెప్పింది. భుజం నొప్పి, దవడ, ఐసు, చెమట, ఇంకా పన్నెండు నిమిషాలున్నాయని గడియారం చూడడం, నిద్రపోతున్నాడని గిన్నె మూత మెల్లిగా తియ్యడం. ఆస్పత్రిలో ఆడిన అబద్ధం. ఏదీ వదల్లేదు.

బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ముందు నా దగ్గరికే వచ్చాడమ్మా" అన్నాడు.

"ఎవరు?"

"వాడే. ఆ పొద్దున. భుజం గుంజుతోంది బాబాయ్, దవడదాకా వస్తోంది, ఒకసారి చూడు అన్నాడు. నేను పేపరు చదువుకుంటున్నాను. తల కూడా ఎత్తలేదు."

"ఏమన్నారు?"

"ఏమంటాను. ముప్ఫయ్యేళ్ళుగా అందరికీ అనేదే. ఇంటికెళ్ళి మీ ఆవిడచేత ఐసు పెట్టించుకో, ఇరవై నిమిషాలు, అన్నాను."

ఆమెకి ఒళ్ళు మండింది. చేతిలో ఏముంటే అది విసరాలనిపించింది.

"రెండు నెలలు ఎలా ఊరుకున్నారు? ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెందుకు చెప్పలేదో అందుకే."

ఆమె ఆ ఎత్తు కుర్చీ అంచున కూర్చుండిపోయింది. ఆయన పోయాక అందులో కూర్చోవడం అదే మొదటిసారి. కాళ్ళు నేలకి ఆనలేదు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అప్పుడడిగింది.

"ఆ ఇరవై నిమిషాలు లేకపోతే బతికేవారా బాబాయ్?"

"తెలీదమ్మా. నేను పిక్కలు పట్టేవాణ్ణి. గుండె సంగతి నాకేం తెలుసు? తెలీదు, వెళ్ళి డాక్టరుకి చూపించుకోరా అని ఆ రోజే అనుంటే సరిపోయేది." అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "పని మానేశాను. ఐసు సంచి ముట్టుకోలేకపోతున్నాను."

వెళ్ళేటప్పుడు ఆమె తలమీద చెయ్యి పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

తలుపు వెయ్యబోతే పొట్టి మెట్లమీద కూర్చుని ఉంది. బడిసంచి ఇంకా భుజానే ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

"విన్నావా?"

పిల్ల తలూపింది.

"నిన్ను అడిగితే ఎప్పుడూ వెంటనే తీసుకెళ్ళామనే చెప్పావు కదమ్మా."

"అబద్ధం చెప్పాను."

"నాన్నకి చెమట పట్టినా..."

"పట్టినా కూర్చున్నాను. గంటకోసం."

పొట్టి లేచి, తల్లి పక్కనుంచి తగలకుండా ఒదిగి లోపలికెళ్ళి, గది తలుపు వేసుకుంది. ఆమె తలుపు కొట్టలేదు. సాయంత్రం అన్నానికి పిలిస్తే వచ్చింది, తల వంచుకుని తిని, కంచం కడిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె లేచి ఫ్రిజ్ దగ్గరికే వెళ్ళింది. మోచేతి బొమ్మ తలుపుమీద అలాగే ఉంది, అంచులు ముడుచుకుపోయి. ట్రేలు పదకొండూ తీసి మెలిపెట్టి గడ్డలన్నీ సింకులోకి దులిపింది. కుళాయి తిప్పబోయి ఆగింది. చెయ్యి తుడుచుకుంది. ట్రేలన్నీ గట్టుమీద బోర్లించి, పొయ్యి వెలిగించి టీ పెట్టుకుంది.

పొట్టి బడికి తయారై వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నీళ్ళకోసం ఫ్రిజ్ తీసి, ఖాళీ పైఅరవైపు చూసి, గట్టుమీదికి చూసింది.

"నింపలేదేం?"

"నింపను."

పిల్ల నీళ్ళు తాగి గ్లాసు కడిగి పెట్టింది. తర్వాత తల్లి పక్కన కాదు గానీ, ఎదురుగా ఉన్న పీటమీద కూర్చుని బూట్లు వేసుకోవడం మొదలుపెట్టింది. బిగుతుగా ఉన్నాయి, మడమ లోపలికి పోవడం లేదు. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, వంగి, ఆ మడమ పట్టుకుని లోపలికి నెట్టింది.

"కొత్తవి కొనాలి" అంది.

"ఊఁ" అంది పొట్టి.

గట్టుమీద బోర్లించిన ట్రేల అంచులనుంచి నీళ్ళు కారి కారి, తర్వాత కారడం మానేశాయి.